రాతి పెట్టెలో గుప్పెడు మట్టి

నేను ముప్పై ఏళ్లు రాళ్లు తుడిచాను. ముందు అది రాసుకో బుజ్జీ. అలాగే రాసుకో, "కన్సర్వేషన్" అని మార్చకు. మ్యూజియం వెనక వర్క్‌షాప్‌లో నాకో బల్ల, ఒక దీపం, రకరకాల కుంచెలు, పళ్ల డాక్టర్ల దగ్గర ఉండేలాంటి సన్నటి కొక్కేలు. పగిలిన బొమ్మో, సమాధి రాయో, కుండపెంకో వస్తే దాని మీది మురికి తీయాలి. దాని వయసు మాత్రం తీయకూడదు. నా ఉద్యోగమంతా ఆ రెండింటి మధ్య ఉన్న తేడాయే.

మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో చదువుకుంటున్న పిల్లలూ, మీరు ఉగాది సంచిక కోసం నన్ను అడిగింది విజయగాథ. అది మా ఇంటాయన్ని అడగాల్సింది. ఆయన స్టుట్‌గార్ట్‌లో కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేశాడు. తన చేతి మీదుగా వెళ్లిన ఒక్క బ్రేకూ ఫెయిల్ కాలేదని ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. నా దగ్గర అలాంటి కబురు లేదు. నేను చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని చెబుతాను.

"అమ్మమ్మా, వార్టె మాల్, ఒక్క నిమిషం ఆగు," అంటోంది నా మనవరాలు. "ఇది మ్యాగజైన్‌లో వస్తుంది. అందరూ చదువుతారు. ఆర్ యూ ష్యూర్?"

చదవాలనే కదే చెబుతున్నది. రాయి.

నేను కరీంనగర్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్లయి ఇక్కడికి, జర్మనీకి వచ్చాక రెండేళ్లు భాషా తరగతులు, ఆ తర్వాత మ్యూజియంలో అసిస్టెంట్ కావాలని ప్రకటన. ఇంటర్వ్యూలో మా పెద్దావిడ, అంటే వర్క్‌షాప్ అధికారి, నా సర్టిఫికెట్లు తిరగేసి పక్కన పెట్టేసింది. ఒక సున్నం పెచ్చు, ఒక కుంచె ఇచ్చి తుడవమంది. చిన్నప్పటి నుంచి వాకిట్లో పిండితో ముగ్గు వేసిన చెయ్యి కదా, వణకలేదు. "సోమవారం రండి," అంది. అన్నేళ్లు కలిసి పనిచేసినా నన్ను "మీరు" అనే అనేది. నవ్వు తక్కువ. పని నేర్పేటప్పుడు ఒకే మాట చెప్పేది: "మీరు చూసింది రాయండి. మీరు అనుకున్నది రాయకండి."

పక్క బల్ల మీద పోలండ్ నుంచి వచ్చిన అమ్మాయి పనిచేసేది. నాకంటే పదిహేనేళ్లు చిన్న. నాది పర్మినెంట్ ఉద్యోగం. ఆమెది మాత్రం ఏడాదికొకసారి పొడిగించే కాంట్రాక్ట్. వచ్చిన వస్తువులకు ఫొటోలు తీసి రిజిస్టర్‌లో ఎక్కించడం, పనిముట్లు చూసుకోవడం ఆమె బాధ్యత. మధ్యాహ్నం నేను డబ్బా మూత తీయగానే మెడ చాచేది.

"ఇవాళ ఏ రంగు?"

"పసుపు. నిమ్మకాయ పులిహోర."

"నిన్న ఆకుపచ్చ తిని నాలుక ఊడిపోయింది. మీ వంటకి కూడా ఒక నంబరు వేసి రిజిస్టర్‌లో ఎక్కించాలి. ప్రమాదకర పదార్థాల పేజీలో!"

నిన్నటిది గోంగూర. నాలుక ఊడిందంటూనే నా డబ్బాలో సగం తినేది. నాకు ఈ దేశంలో దొరికిన మొదటి స్నేహితురాలు ఆ అమ్మాయే.

ఒక వసంతంలో మా దగ్గరికి ఒక రాతి పెట్టె వచ్చింది. ఒక ముసలి డాక్టరు ఏనాడో జెరూసలేం బజారులో కొన్నాడట. ఆయన పోయాక పిల్లలు మ్యూజియానికి ఇచ్చేశారు. కాగితాలేమీ లేవు. తెల్లటి మెత్తని సున్నపురాయి. మన తొడ ఎముక పట్టేంత పొడవు, పుర్రె పట్టేంత వెడల్పు. ముందువైపు వృత్తలేఖినితో గీసి చెక్కిన రెండు పువ్వులు. పక్కన ఇరుకు వైపున మేకుతో గీకినట్టు వంకరటింకర అక్షరాలు. చివరి అక్షరానికి చోటు చాలక కిందికి జారిపోయింది.

"ఇది ఎముకల పెట్టె," అంది పెద్దావిడ. రెండు వేల ఏళ్ల కిందట జెరూసలేం చుట్టుపక్కల యూదులు మనిషి పోతే కొండలో తొలిచిన గదిలో పడుకోబెట్టేవాళ్లట. ఏడాది గడిచాక ఇంటివాళ్లు మళ్లీ లోపలికి వెళ్లి, మిగిలిన ఎముకలు ఏరి, ఇలాంటి పెట్టెలో సర్ది, అదే గదిలో తమవాళ్ల పెట్టెల పక్కన పెట్టేవాళ్లట. ఎవరి పెట్టె ఏదో తెలియాలని పేరు గీకేవాళ్లు. గీకేది శిల్పి కాదు, కొడుకో కూతురో. దీపం వెలుగులో, ఇరుకులో.

అందుకే ఆ పెట్టెలకు అంత విలువ. చరిత్ర పుస్తకాల్లో ఉండేది రాజులు. ఈ పెట్టెల మీద ఉండేది ఇంటివాళ్లు. ఎవరు ఎవరి కూతురో, ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లో, రాయడం ఎంతమందికి వచ్చో, చనిపోయిన మనిషిని ఏమని పిలుచుకునేవాళ్లో ఆ గీతల్లోనే తెలుస్తుంది.

పాత లిపులు చదివే ప్రొఫెసర్ గారికి ఫొటో పంపితే మర్నాడే జవాబు వచ్చింది: "శలోం, మా అమ్మ." శలోం అనేది ఆవిడ పేరు. కింద ఇంకో వాక్యం: "అక్షరాలు నిజమైనవో కావో ఇప్పుడే చెప్పలేను. ఖాళీ పెట్టెల మీద కొత్తగా పేర్లు చెక్కి అమ్మేవాళ్లున్నారు."

నిజమేదో ఎలా తెలుస్తుందని పెద్దావిడని అడిగాను. అక్షరాల గాడిలో వందల ఏళ్లుగా పేరుకున్న పొర ఉంటే అవి పాతవట. మన ఖర్మ కొద్దీ ఆ డాక్టరు అక్షరాలు బాగా కనబడాలని తీగ బ్రష్‌తో రుద్దేశాడు. ఆ పొర పోయింది.

పెద్దావిడ అప్పుడు మూడు వారాలు కూర్‌కి వెళ్లింది. అదేమిటో కొత్తగా వచ్చిన పిల్లలకు తెలియదు: నడుం నొప్పికి డాక్టరే రాసిచ్చే విశ్రాంతి. వెళ్తూ పెట్టె లోపలివైపు శుభ్రం చేసే పని నాకు అప్పగించింది. పక్క బల్ల అమ్మాయి ఫొటోలు తీసి, "లోపల దుమ్ము, ఒక మూల గట్టిపడిన మట్టి" అని రిజిస్టర్‌లో ఎక్కించి నాకిచ్చింది.

ఆ మూల మట్టిని కుంచెతో, కొక్కెంతో మెల్లగా లేపాను. అడుగున మూడు ముక్కలు కనిపించాయి. చిటికెన వేలి గోరంత ఒకటి, మిగతా రెండూ ఇంకా చిన్నవి. వేయించిన అటుకుల్లా తేలిగ్గా ఉన్నాయి. ఎముక అని ఎవరూ చెప్పక్కర్లేదు.

నియమం తెలుసు. దొరికింది దొరికినట్టు ప్లాస్టిక్ సంచిలో వేసి, నంబరు రాసి, రిజిస్టర్‌లో ఎక్కించాలి. మా నేలమాళిగలో అలాంటి సంచులు సొరుగుల నిండా ఉన్నాయి. పాత తవ్వకాల్లో దొరికిన మనుషులు. నేను చేరిన దగ్గర్నుంచి ఒక్క సొరుగునూ ఎవరూ తెరవగా చూడలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడున్నాను. మూడో రోజు తమ్ముడు కాటి దగ్గర ఎముకలు ఏరి కుండలో పెట్టాడు. నేను వచ్చేదాకా ఉంచమన్నాను. కనెక్టింగ్ ఫ్లైట్ తప్పిపోయింది. మంచి రోజు దాటిపోతుందని పెద్దవాళ్లు తొందరపెడితే కాళేశ్వరం తీసుకెళ్లి గోదావరిలో కలిపేశారు. నేను దిగేసరికి ఏమీ లేదు. నేనెవర్నీ తప్పు పట్టలేదు. కానీ ఆ ముక్కలు నా అరచేతిలో ఉన్నప్పుడు, పెట్టె మీద "మా అమ్మ" అని ఉన్నప్పుడు, ఇవి సొరుగులోకి వెళ్లకూడదు అనిపించింది. అనుకున్నది రాయొద్దని పెద్దావిడ చెప్పింది కదా. నేను రాయలేదు. చేసేశాను.

రిజిస్టర్‌లో "లోపలివైపు పొడిగా శుభ్రం చేయడమైనది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాను. ఆ గుప్పెడు మట్టినీ మూడు ముక్కలనూ కొత్త గుడ్డలో మూటగట్టి ఇంటికి తెచ్చాను. లోపలికి తేకూడదు కదా, బాల్కనీలో పూలకుండీ పక్కన పెట్టాను. మా ఇంటాయన టీ కప్పుతో బయటికొచ్చి చూశాడు.

"ఏందే ఇది?"

చెప్పాను. టీ పక్కన పెట్టేశాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఎవలో ఏందో! ఆఫీసుల సామాను ఇంటికి తెస్తరా ఎవలన్న?"

"సామాను కాదండి. ఒకామె."

"ఒకామె అయితే ఆమె వాళ్లకు చెప్పాలె. నీకేం పని?"

"రెండు వేల ఏండ్లు అయింది. వాళ్లెక్కడున్నరు? మీరు రాకున్న మంచిదే, నేనొక్కదాన్నే పోత."

"పోతవు, పోలీసులు పట్టుకుంటరు. ఈ దేశంల నదిల రాయి ఎయ్యాలన్న ముందుగాల ఆఫీసుల టైం అడిగి టెర్మిన్ తీసుకోవాలె," అని గొణుక్కుంటూనే ఆదివారం పొద్దున నాతో పాటు వచ్చాడు. నెకార్ నది ఒడ్డున ద్రాక్షతోటల కింద ఒక మెట్ల దారి ఉంది. ఆయన తనకొచ్చిన నాలుగు మాటలు చదివాడు. నేను నువ్వులు వేసి మూట విప్పాను. మట్టి నీళ్లలో తెల్లగా పొగలా విచ్చుకుంది. పైన సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన "గూటెన్ మోర్గెన్" అన్నాడు. మేమూ అన్నాం. ఇంటికొచ్చి తలస్నానం చేశాక ఎన్నో ఏళ్ల తర్వాత నా గుండె తేలికైంది. అది కూడా రాయి బుజ్జీ, దాచకు. ఆ రోజు నాకు చాలా హాయిగా అనిపించింది.

చలికాలం వచ్చింది. ప్రొఫెసర్ గారు ఫోన్ చేసి స్వయంగా వస్తున్నానన్నారు. జెరూసలేం దగ్గర రోడ్డు వేస్తుంటే ఒక సమాధి గది బయటపడిందట. లోపల మూడు పెట్టెలు, నాలుగోది ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయినట్టు ఖాళీ జాగా. ఉన్న పెట్టెల్లో ఒకదాని మీద "శలోం కొడుకు" అని ఉందట.

ఆయనతో పాటు మా ఊరి యూదు సమాజం నుంచి ఒక పెద్దాయన కూడా వచ్చారు. వాళ్ల శ్మశానం చూసుకునేది ఆయనే. ఎనభై దాటి ఉంటాయి. నల్ల కోటు, చేతిలో చిన్న సంచి. నలుగురం వర్క్‌షాప్‌లో పెట్టె చుట్టూ నిలబడ్డాం: పెద్దావిడ, నేను, పక్క బల్ల అమ్మాయి, ప్రొఫెసర్. పెద్దాయనకు కుర్చీ వేశాం.

ప్రొఫెసర్ గారి గొంతులో ఆత్రం. "ఆ గదిలో మట్టి నమూనాలు నా దగ్గరున్నాయి. ఒక్కో గుహ మట్టికి ఒక్కో గుర్తు ఉంటుంది. ఈ పెట్టెలోని మట్టి దానితో కలిస్తే ఇది ఆ ఖాళీ జాగాలోదే. అప్పుడు ఆ పేరు కూడా నిజమే. ఎముక ముక్క ఏమన్నా దొరికి అది పెద్ద వయసు ఆడమనిషిదని తేలితే ఇంకేం కావాలి? తల్లినీ కొడుకునూ మళ్లీ ఒకచోట పెట్టొచ్చు. మీ ఫొటోలో మూలన మట్టి గడ్డ కనబడుతోంది. ఎక్కడుంది?"

పెద్దాయన సంచిలోంచి మడిచిన తెల్లటి నారగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "ఎముక ఉంటే పరీక్షకు ఇసుమంత తీసుకోండి," అన్నారు. "మిగతాది నాకివ్వండి. గోరంతదైనా సరే, మట్టిలో పెట్టాలి. మా దగ్గర అది తప్పదు."

మట్టిలో. ఆ మాటతో నాకు తెలిసొచ్చింది. వాళ్లు చనిపోయినవాళ్లను కాల్చరు, నీళ్లలో కలపరు. భూమికే అప్పగిస్తారు. పెట్టె గురించి అంత విన్నాను, ఆ సంగతి ఒక్కసారి అడగలేదు. నాకు తెలిసిన పద్ధతే అందరు తల్లులకూ చాలుననుకున్నాను.

పెద్దావిడ రిజిస్టర్ తెరిచి నా సంతకం చూసింది. "లోపలివైపు మీరు చేశారు. మట్టి ఏమైంది?"

పిల్లలూ, నిజం నోట్లోనే ఉంది. నాలుగు మాటలు. నేనన్నది: "పొడిపొడిగా రాలిపోయింది. వాక్యూమ్‌తో తీసేశాను."

వాక్యూమ్ సంచి మార్చినప్పుడల్లా దాని మీద వస్తువు నంబరు రాసి దాచాలి. అదీ నియమమే. అది చూసుకోవాల్సింది పక్క బల్ల అమ్మాయి. ఆ మాట అనేటప్పుడు నాకది తట్టలేదని చెబితే మీరు నమ్ముతారేమో. తట్టింది. మాట నోరు దాటుతుండగా తట్టింది. కానీ సరిదిద్దుకోవడానికి బోలెడంత సమయం ఉంది.

పెద్దావిడ అటు తిరిగింది. "సంచి?"

"ప్రతి శుక్రవారం మారుస్తాను," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

"దాచారా?"

"లేదు. పారేశాను."

ఆమె నన్ను చూసింది. నేను రాతి పువ్వును చూశాను. ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. పెద్దాయన నారగుడ్డను మొదట ఎలా మడిచి ఉందో అలాగే మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఎవరూ అరవలేదు. ఈ దేశంలో అరవరు కదా. ఆ సంవత్సరం ఆమె కాంట్రాక్ట్ పొడిగించలేదు, అంతే. కారణం కాగితం మీద మర్యాదగా రాశారు. వెళ్లేరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "ఇవాళ ఏ రంగు?" అంది. నేను డబ్బా తేలేదు. తినబుద్ధి కావడం లేదని చెప్పాను. "సరే," అని వెళ్లిపోయింది.

"ఎందుకు చెప్పలేదు అమ్మమ్మా? అబర్ వరూమ్? నీకు బెస్ట్ ఫ్రెండ్ కదా?"

ఉద్యోగం పోతుందని భయం. పత్రికలో వస్తుందని భయం. ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఇలా చేస్తారని అంటారేమోనని భయం. చాలా కారణాలున్నాయి. అన్నీ నావే. వాటిలో ఒక్కటీ ఆ అమ్మాయిది కాదు.

ఇంకో మూడేళ్లు ఆ ఖాళీ బల్ల పక్కనే పనిచేశాను. పెట్టెను ప్రదర్శనలో పెట్టలేదు. మ్యూజియం గిడ్డంగిలో ఉంచి, "శాసనం ప్రాచీనమో కాదో తేలలేదు" అని చీటీ అంటించారు. ఒక తల్లి తల్లి అవునో కాదో తేలలేదని రాసిన ఆ చీటీ పక్కనుంచి రోజూ నడిచాను.

రిటైరయ్యే వారం పెద్దావిడ గదికి వెళ్లి మొత్తం చెప్పాను. మట్టి, ముక్కలు, నది, అబద్ధం.  ఆమె కాగితం నా ముందుకు జరిపింది. "రాయండి." రెండు పేజీలు రాశాను. పెట్టె ఫైల్లో పెట్టింది.

"ఇప్పుడు ఆ చీటీ మారుస్తారా?" అని అడిగాను.

"దేనితో? మట్టి ఉండేదని మీరు చెబుతున్నారు. నేను నమ్ముతాను. కానీ ఇది కాగితం. మట్టి కాదు. ఆ పెద్దాయనకు తెలియాలి. నేను చెప్పను, మీరే చెప్పండి."

యూదుల శ్మశానం గేటు దగ్గర చిన్న ఆఫీసు గదిలో ఆయన్ని కలిశాను. చలికి రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని అంతా విన్నారు. ఎన్ని ముక్కలని అడిగారు. మూడని చెప్పాను. ఏ రేవు దగ్గరని అడిగారు. చెప్పాను. నన్ను క్షమించమన్నాను.

"నేను క్షమించేదేమీ లేదు," అన్నారు. మాటలో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "అడగాల్సింది ఆవిడని. మా పద్ధతి అంతే. చనిపోయినవాళ్లని అడగాలంటే సమాధి దగ్గరికి వెళ్లి అడుగుతాం. ఆవిడకి మీరు సమాధి లేకుండా చేశారు." "ఇందులో బతికున్నవాళ్లెవరికన్నా అన్యాయం జరిగిందా?" అన్నారు.

ఆయనకు నేను పక్క బల్ల అమ్మాయి గురించి చెప్పలేదు. కన్ఫెషన్‌లో కూడా ఆ ముక్క మింగేశాను చూశారా.

"జరిగింది," అన్నాను.

"అయితే మీరు ముందు రావాల్సింది నా దగ్గరికి కాదు."

పక్క బల్ల అమ్మాయి వాల్డార్ఫ్ వైపు ఒక ఊళ్లో బేకరీలో పనిచేస్తోందని పాత సహోద్యోగి చెప్పింది. ట్రైన్ దిగి వెతుక్కుంటూ వెళ్లాను. పొద్దున పది గంటల వేళ. ఆఫీసులకు వెళ్లే ఐటీ పిల్లలు, మన తెలుగువాళ్లే, ఉప్పు చల్లిన బ్రేట్సెల్ రొట్టెల కోసం లైన్లో నిలబడి ప్రాజెక్టు మేనేజర్ని తిట్టుకుంటున్నారు. ఆమె అద్దాల వెనక తెల్ల టోపీతో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పది నిమిషాల విరామం అడిగి పక్క గుమ్మంలోంచి బయటికొచ్చింది. పిండి అంటిన చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. ఒకప్పుడు సన్నటి కొక్కెంతో రోమన్ గాజు మీది మట్టి తీసిన చేతులు అవి.

నేను మొదటి నుంచి చెప్పాను. నది దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"నదేమిటో నాకు తెలియదు. వాక్యూమ్ అబద్ధమని మాత్రం తెలుసు."

"ఎలా?"

"సంచి పారేసే ముందు ప్రతిసారీ వార్తాపత్రిక పరిచి వేళ్లతో వెతికేదాన్ని. ఏదన్నా విలువైనది పోయిందేమోనని నాకు భయం. ఆ నెలంతా అందులో సున్నపురాయి మట్టి చిటికెడు కూడా రాలేదు."

 నేనడిగాను: "మరి ఆ రోజు అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావనుకున్నాను. ఆ పెద్దాయన గుడ్డ మడిచేదాకా ఎదురు చూశాను. తర్వాత వారంలో చెబుతావనుకున్నాను. వెళ్లేరోజు నీ బల్ల దగ్గరికొచ్చింది అందుకే."

లోపల్నుంచి ఎవరో ఆమెను పిలిచారు. లైను వీధిలోకి వచ్చేసింది. నేను మ్యూజియానికి ఇంకో ఉత్తరం రాస్తానని, ఆ తప్పు ఆమెది కాదని అందులో స్పష్టంగా రాస్తానని చెప్పాను.

"రాయి," అంది. "రాస్తే మంచిదే. నేను మాత్రం మళ్లీ ఆ పనికి వెళ్లను. వేళ్లు మొద్దుబారిపోయాయి."

టోపీ సరిచేసుకుని లోపలికి వెళ్లింది. అద్దాల వెనక నిలబడి లైన్లో ముందున్న కుర్రాడిని ఏం కావాలని అడిగింది.